రోడ్డవతలి నుంచి చూసిన చీర

బట్టల దుకాణంలో అడుగుపెట్టిన ఆడమనిషికి ఎదురయ్యే మొదటి ప్రశ్న "ఏం చూపించమంటారమ్మా?" అని మనం అనుకుంటాం. నిజానికి అది రెండో ప్రశ్న. మొదటిది ఎవరూ నోరు తెరిచి అడగరు. కౌంటరు వెనక నిలబడ్డ మనిషి కళ్లు ఒక్కసారి మన ముఖం మీద పడతాయి, చేతుల మీదికి దిగుతాయి, అక్కడి నుంచి అలమారా వైపు తిరుగుతాయి. అప్పటికే మన చీర ఖాయమైపోయింది. ఆ తర్వాత గంటసేపు నలభై చీరలు విప్పించి, మనమే ఏరి కొనుక్కున్నామన్న సంతోషంతో ఇల్లు చేరతాం.

నల్లగొండ బజారులో రామచంద్రం గారి దుకాణం ఉంది. దాని పేరు చెప్పను. చెబితే అక్కడ కొన్న చీరలు కట్టుకు తిరిగేవాళ్లు నన్ను నిలదీస్తారు. ఆ దుకాణంలో ఈ చూపుకు ఒక ముద్దుపేరు కూడా ఉండేది. చామనఛాయకు ఒక మెట్టు దిగువన ఉన్న ఆడపిల్ల గడప దాటితే చాలు, పెద్ద సేల్స్‌మన్ గోపాల్ లోపలికి కేకేసేవాడు: "వెన్నెల వరుస తియ్యిండ్రి!"

వెన్నెల వరుస అంటే మీగడ రంగు, గంధం రంగు, లేత గులాబీ, ఇంకా మూడుసార్లు ఉతికాక అన్నీ ఒకేలా కనిపించే మరో అరడజను రంగులు. పేరు అంత అందంగా ఉండడంతో, విన్న ఆడవాళ్లు తమకేదో ప్రత్యేక మర్యాద జరుగుతోందనుకునేవారు. నల్లనివాళ్లకు ముదురు రంగులు నప్పవని ఎవరు చెప్పారో, ఎప్పుడు చెప్పారో, చెప్పినవాళ్ల ముఖం ఏ రంగో ఎవరికీ తెలియదు. చారులో చింతపండు ఎంత పిసకాలన్నదాని మీద కూడా మన ఇళ్లల్లో వాదన జరుగుతుంది. దీని మీద మాత్రం ఏ ఇంట్లోనూ జరగలేదు.

ఆ దుకాణంలోనే మెట్ల కింది గదిలో మల్లిక అనే అమ్మాయి చీరలకు ఫాల్ కుట్టేది. వయసు ఇరవై నాలుగు. ఫ్యాషన్ డిజైనింగ్‌లో డిప్లొమా చేసింది. మేలిమి నలుపు. ఒకరోజు చిలకాకుపచ్చ, మర్నాడు పండుమిరప ఎరుపు వేసుకొచ్చేది. రామచంద్రం గారు ఉండబట్టలేక ఒకసారి అన్నారు.

"మల్లికా, నీ చేతిల పనితనం ఉన్నది బిడ్డా. గని జర లేత రంగులేస్కో. కండ్లకు కొడుతున్నవ్."

"కొట్టాల్ననే ఏస్కుంటున్న సేటూ," అంది మల్లిక సూదిలో దారం ఎక్కిస్తూ.

ఈ పొగరు ఆమెకు డిప్లొమాతో వచ్చింది కాదు. గొర్రెల మందలో వచ్చింది.

మల్లిక వాళ్లది దేవరకొండ దిక్కు ఒక ఊరు. తండ్రి పర్వతాలు, నాయనమ్మ సుక్కమ్మ, వాళ్లకు ముందు తరాలు అందరూ గొర్రెలు కాసినవాళ్లే. ఎండాకాలం మేత కోసం, నీళ్ల కోసం మందను నందికొండ వైపు తోలుకుపోతారు. అక్కడికి నాలుగు ఊళ్ల మందలు వస్తాయి. అన్నీ నల్ల గొర్రెలే. నీళ్ల దగ్గర కలిసిపోతే ఎవరివి ఎవరివో తేల్చుకోవడానికి ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉంటుంది. సుక్కమ్మ ఇంటి గుర్తు, నడుము మీద గుమ్మడిపువ్వంత పసుప్పచ్చటి బొట్టు.

మల్లికకు పదేళ్లప్పుడు ఆ పచ్చటి బొట్టు మోటుగా ఉందనిపించింది. బడి గోడలకు వేయగా మిగిలిన లేత గులాబీ సున్నం ఒక డబ్బాలో కనబడింది. ఎవరికీ చెప్పకుండా పదకొండు గొర్రెపిల్లలకు ఆ రంగు వేసింది. పిల్లలు ముచ్చటగా ఉన్నాయి. ఆ ముచ్చట సాయంత్రం దాకా నిలిచింది. దుమ్ము పడేసరికి గులాబీ రంగు బూడిదైంది. నీళ్ల దగ్గర మూడు మందలు కలిసినప్పుడు, గుట్ట మీద నిలబడ్డ సుక్కమ్మ కళ్లకు పచ్చటి బొట్లన్నీ ఆనాయి గాని ఆ పదకొండు పిల్లలు ఆనలేదు. తొమ్మిది ఎట్లాగో దొరికాయి. రెండు ఎవరి మందతో పోయాయో ఇప్పటికీ తెలియదు.

సుక్కమ్మ కొట్టలేదు. మనవరాలిని గుట్ట మీదికి తీసుకుపోయి, కింద మేస్తున్న మందను చూపించింది.

"చూసినవా? నల్లటి ఒంటి మీద పచ్చటి బొట్టు గుట్టంత దూరం నుంచి పలుకుతది. రంగంటె ముచ్చటకు పెట్టేది గాదు బిడ్డా. 'నేనిక్కడున్న' అని చెప్పాలె."

తర్వాత ఎన్నో ఏళ్లకు డిప్లొమా క్లాసులో మేడం బోర్డు మీద రంగుల చక్రం గీసి, ముదురు మీద ఏది వెలుగుతుందో, ఏది మాసిపోతుందో చెబుతుంటే, పరీక్షల కోసం పిల్లలంతా రాసుకున్నారు. మల్లిక రాసుకోలేదు. ఆ పాఠానికి ఆమె రెండు గొర్రెపిల్లలు ముందే చెల్లించింది.

ఇలా ఉండగా రామచంద్రం గారు మేడ మీద ఒక గది కట్టించారు. చుట్టూ నిలువుటద్దాలు. 'ముస్తాబు గది' అని పేరు పెట్టారు. చీర ఎంపిక, జాకెట్టు డిజైను, నగ, జడ అన్నీ అక్కడే ఒక మనిషి చూసి చెప్పాలి. ఆ మనిషి తానే కావాలని మల్లిక అడిగింది. చదువుకున్న పని అదే. మెట్ల కింది గదికి, ఆ అద్దాల గదికి మధ్య ఇరవై రెండు మెట్లున్నాయని ఆమె ఎన్నోసార్లు లెక్కపెట్టుకుంది.

రామచంద్రం గారు చెడ్డమనిషి కారు. అయ్యుంటే ఈ కథ ఇంత పొడుగు ఉండేది కాదు. ఆయన మెల్లగానే చెప్పారు.

"గా గది కోసం హైదరాబాద్ పిల్లను మాట్లాడినం బిడ్డా. తెల్లగుంటది. అద్దాలల్ల మంచిగ కనపడ్తది."

"అద్దం ముందట నిలబడేది గిరాకి గద సేటూ. గిరాకి ఎట్ల కనపడాల్నో నాకెర్కె. ఒక్క గిరాకిని నాకు అప్పజెప్పిండ్రి."

ఆయన ఒప్పుకున్నారు. "సోమవారం బోణీ గిరాకి నీది. ఒట్టి చేతులతోని వాపస్ పోయిందనుకో, మళ్ల గా గది ముచ్చట ఎత్తద్దు."

సోమవారం వచ్చింది. పదకొండు దాటినా బోణీ కాలేదు. ముందుగా వచ్చింది సుక్కమ్మ. భుజాన గొంగడి, చేతిలో జొన్నరొట్టెల మూట. కండ్ల దవాఖాన నుంచి నేరుగా వచ్చింది.

"డాక్టరేమన్నడే అవ్వా?" అంది మల్లిక.

"దగ్గరియి మసక, దూరపుయి సక్కగ కనపడ్తున్నయన్నడు. గంత మాట చెప్పనీకి పొద్దటి సంది లైన్ల నిలవెట్టిండు. నాకెర్కలేదా?" అని ఆమె గోడవారగా ఉన్న బెంచీ మీద కాళ్లు పైకి పెట్టుకుని కూర్చుంది.

అప్పుడే గడపలో ప్రమీలమ్మ కనిపించింది. వెనక ఆమె కూతురు స్నిగ్ధ. గోపాల్ ముఖంలో నవ్వు విచ్చుకుంది. ప్రమీలమ్మ నకిరేకల్ దగ్గరి రైతు కుటుంబపు ఇల్లాలు. ఆ దుకాణానికి పదిహేనేళ్ల ఖాతాదారు. ఈ పదిహేనేళ్లలో మొదటిసారి వచ్చినప్పుడే చీర కొన్న పాపాన పోలేదు. అన్నీ విప్పించి, "మళ్లొస్తం" అని పోయి, నాలుగో రాకకు కొనేది.

"నీ బోణీ వచ్చింది చెల్లె," అన్నాడు గోపాల్, జాలిగా.

స్నిగ్ధకు జూనియర్ లెక్చరర్ ఉద్యోగం వచ్చింది. గురువారం హైదరాబాదులో పెద్ద సభ. వందలమందిని ఒక్కొక్కరినీ పేరుపెట్టి స్టేజి మీదికి పిలిచి నియామకపత్రం ఇస్తారు. దానికి కట్టుకోవడానికి చీర కావాలి. పిల్లది తండ్రి అమరేందర్ రంగు. ముప్పై ఏళ్ల కింద ఆ రంగున్న మనిషిని ప్రమీలమ్మ ఏ అభ్యంతరమూ లేకుండా, ఇంకా చెప్పాలంటే కొంచెం తొందరపడి, పెళ్లి చేసుకుంది. అదే రంగు కూతురికి వచ్చేసరికి మాత్రం, ఎక్కడో ఏదో పొరపాటు జరిగినట్టు ఇరవై ఏడేళ్లుగా దాన్ని సవరిస్తూనే ఉంది.

"ఫొటోల జర తెల్లగ కనపడాలె. పేపర్ల పడ్తదంట," అంది కూర్చుంటూనే.

మల్లిక కౌంటరు ముందుకు వచ్చింది. ఎదురుగా రామచంద్రం గారు. పక్కన గోపాల్. వెనక ఇరవై రెండు మెట్లు. అన్నాళ్లు మనసులో దిద్దుకున్న మాటలన్నీ ఆ క్షణాన ఎటో పోయాయి. మనందరికీ జరిగేదే ఆమెకూ జరిగింది. సొంత మాట రాకపోతే, అలవాటైన మాట దానంతట అదే వస్తుంది.

"అన్నా... వెన్నెల వరుస తియ్యి," అంది మల్లిక.

చీరలు పరుచుకున్నాయి. స్నిగ్ధ మీగడ రంగు చీర భుజం మీద వేసుకుని అద్దంలో చూసుకుంది, ఇంకెవరో రాసిన పరీక్షలో తన మార్కులు చూసుకుంటున్నట్టు.

"గిది మంచిగున్నది. నలుపు తక్కువ చేసి చూపిస్తది," అంది ప్రమీలమ్మ.

బెంచీ మీది నుంచి సుక్కమ్మ గొంతు వినిపించింది. "ఏందే మల్లికా, మళ్ల గులాబి సున్నం తీసినవా?"

దుకాణంలో ఎవరికీ అర్థం కాలేదు. మల్లికకు మాత్రం పదకొండు గొర్రెపిల్లలు కళ్ల ముందు నిలబడ్డాయి. చీర తిరిగి మడతపెట్టి పక్కన పెట్టింది. స్నిగ్ధ వైపు తిరిగింది. ఆ గంటలో ఎవరైనా ఆ అమ్మాయిని ఏదైనా అడగడం అదే మొదటిసారి.

"మేడం, గురువారం నాడు మిమ్ముల ఎవలు చూడాల్నని మీకున్నది?"

స్నిగ్ధ తడుముకోలేదు. "మా బాపు. మాకు ముందట కుర్చీలు, ఇంటోళ్లకు ఎనక యాడనో. 'గంత మందిల నువ్వు స్టేజి ఎక్కేది నాకు కనపడ్తదా బిడ్డా' అని వారం సంది గదే అడుగుతున్నడు."

మల్లిక నేరుగా రెండో అలమారా దగ్గరికి నడిచి, ముదురు బంతిపువ్వు రంగు పోచంపల్లి పట్టుచీర తీసింది. అంచు పండుమిరప రంగు.

"అమ్మో!" అంది ప్రమీలమ్మ. "గది కడ్తె ఇంక నల్లగ కొడ్తది!"

"వాదన వద్దమ్మా. పరీక్ష పెడదాం. అవ్వా, రోడ్డవతలికి పో!"

సుక్కమ్మ ఎందుకని అడగలేదు. గొంగడి భుజాన సర్దుకుని, ఒక చెయ్యి అడ్డంపెట్టి ఆటోలను ఆపుకుంటూ, మందను దాటించినంత ధీమాగా రోడ్డు దాటింది. మిర్చి బజ్జీల బండి పక్కన నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డంపెట్టుకుంది.

స్నిగ్ధను దుకాణం బయటి మెట్ల మీద నిలబెట్టి మల్లిక మొదట మీగడ రంగు చీర కప్పింది. "అవ్వా! కనపడ్తాందా?"

"చీర కనపడ్తాంది!" అని అవతలి నుంచి కేక. "లోపట మనిషి లేదు!"

బజ్జీలబండి దగ్గర నవ్వులు. పనిలేనివాళ్లు నలుగురు, పని ఉన్నవాళ్లు పదిమంది ఆగారు. మల్లిక ఆ చీర తీసేసి బంతిపువ్వు చీర కప్పింది. మిరప రంగు అంచు స్నిగ్ధ మెడ పక్కన నిలిచేలా సర్దింది. ఆ అమ్మాయి ఎందుకో తనంతట తనే గడ్డం పైకెత్తింది.

"ఇగో! గిప్పుడు పిల్ల కనపడ్తాంది!" అంది సుక్కమ్మ. "కండ్లు కనపడ్తున్నయ్! ముక్కు కనపడ్తాంది! ఇగో, నవ్వుతాంది, గది గూడ కనపడ్తాంది!"

"అవ్వ చెప్పేది కరెక్టే మేడం," అని బజ్జీలాయన కూడా జల్లిగంటె ఎత్తి ఊపాడు.

ప్రమీలమ్మ నమ్మలేదు. ఆమె ఎవరి మాటా ఒక రాకలో నమ్మే మనిషి కాదని చెప్పాను కదా. చెప్పులేసుకుని, తానే రోడ్డు దాటి వెళ్లి సుక్కమ్మ పక్కన నిలబడి ఇవతలికి చూసింది.

తల్లులారా, ఇక్కడ ఒక్కమాట. మనం మన ఆడపిల్లల్ని ఎప్పుడూ చెయ్యి అందేంత దూరం నుంచే చూస్తాం. బొట్టు సరిచేయడానికి, పవిట లాగడానికి, మొటిమ మీద వేలు పెట్టి "ఇదేంది?" అనడానికి ఆ దూరం చాలు. ప్రమీలమ్మ కూడా ఇన్నేళ్లూ కూతురిని అంత దగ్గరి నుంచే చూసింది. అంత దగ్గరి నుంచి లోపాలే కనబడతాయి. ఇప్పుడు రోడ్డవతల, ఆటోలకు, బండ్లకు, మనుషులకు అవతల, మెట్ల మీద నిటారుగా నిలబడి ఒక లెక్చరరమ్మ నవ్వుతోంది. బజారులో పోయేవాళ్లు తల తిప్పి ఆమెనే చూస్తున్నారు. అచ్చం పెళ్లినాటి అమరేందర్ ముఖం.

"దుమ్ము బాగున్నది గీ రోడ్డు మీద," అని ప్రమీలమ్మ కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

"అవును బిడ్డా. కొన్ని దినాలల్ల ఎక్కువ లేస్తది," అంది సుక్కమ్మ, గాలి ఆకు కూడా కదపని ఆ ఎండలో.

వెనక్కి వచ్చి ప్రమీలమ్మ రెండే మాటలన్నది. "గదే కట్టియ్యి." గోపాల్ చేతిలోని మీటరు బద్ద జారి కింద పడింది.

మల్లిక పని అంతటితో ఆగలేదు. జాకెట్టు మిరప రంగుదే, చేతులు మోచేతి దాకా అంది. స్టేజి మెట్లు ఎక్కేటప్పుడు కాలి కింద పడకుండా కుచ్చిళ్లు ఎంత ఎత్తున పెట్టాలో కట్టి చూపించింది. జడ గట్టిగా వేసి, చెవులకు మాత్రం నగ ఉంచి, మెడ ఖాళీగా వదిలెయ్యమంది. "పౌడర్ మాత్రం వద్దు మేడం. మంచిగున్న మొకానికి సున్నమెందుకు?" మాటలు ఇప్పుడు వెతుక్కోకుండానే వచ్చాయి. ఈ లోపల మెట్ల దగ్గర గుమిగూడినవాళ్లలోంచి ఆరుగురు ఆడవాళ్లు లోపలికి వచ్చి, "మమ్ముల గూడ రోడ్డు దాటి చూడుమను," అని అడిగారు. సుక్కమ్మ రొట్టె తినడానికి ఆ మధ్యాహ్నం మూడైంది.

గురువారం సాయంత్రం దుకాణానికి ఫోన్ వచ్చింది. అమరేందర్. రామచంద్రం గారే ఎత్తారు.

"సేటూ... ఎనకకెల్లి రెండో వరుస నాది. ముందట ఒకటే జనం. మీ దుకాణంల పిల్ల ఎవలో గని ఆమెకు చెప్పుండ్రి. పేరు పిలవకముందే, నా బిడ్డ లేచి నిలబడంగనే నేను గుర్తుపట్టిన."

రామచంద్రం గారు ఫోన్ పెట్టేసి గల్లాపెట్టెలోంచి అద్దాల గది తాళంచెవి తీశారు. మెట్ల కింది గదికి తానే వచ్చి దాన్ని మల్లిక ముందు పెట్టారు. మల్లిక వెంటనే తీసుకోలేదు.

"ఒక షరతున్నది సేటూ. గీ దుకాణంల వెన్నెల వరుస అనే మాట ఇంకెవ్వరు అనొద్దు. గిరాకి మొకం చూసి చీర తీసుడు కాదు. ఏ పని మీద పోతున్నవమ్మా అని అడిగి తియ్యాలె."

"మరి గా లేత చీరలన్ని ఏం చెయ్యాలె?"

"ఇష్టమున్నోళ్లు కొంటరు. దాసుకోనీకి కొనొద్దంటున్న, అంతే."

హైదరాబాదు అమ్మాయి కూడా వచ్చింది, మల్లిక కింద పని నేర్చుకోవడానికి. తెల్లగా పుట్టడం ఆమె తప్పు కాదు కదా. ఆమెకు నెమలికంఠం నీలం బాగుంటుందని మల్లిక మొదటిరోజే తేల్చింది. ముస్తాబు గది అద్దాలు సగం తీయించేసి, రోడ్డు వైపు ఒక పెద్ద కిటికీ పెట్టించింది. ఇప్పుడు నల్లగొండలో చీర కొనే ఆడవాళ్లు కొందరు, వెంట వచ్చిన మొగుళ్లను రోడ్డవతల నిలబెట్టి చూపించుకుంటున్నారు. పాపం, వాళ్లకూ ఒక పని దొరికింది.

ఏడాది తర్వాత స్నిగ్ధ తాను పాఠం చెప్పే ఆడపిల్లల కాలేజీకి మల్లికను ముఖ్య అతిథిగా పిలిచింది. చిలకాకుపచ్చ చీరకు పండుమిరప రంగు జాకెట్టు తొడుక్కుని మల్లిక స్టేజి ఎక్కింది. ముందు వరుసలో కుర్చీ వేస్తామన్నా వినకుండా సుక్కమ్మ హాలు చిట్టచివర కూర్చుంది.

నాలుగో వరుసలోంచి ఒక పిల్ల లేచింది. నల్లపిల్ల. ఆ వయసులో ఆ ప్రశ్న అడగడానికి ఎంత ధైర్యం కావాలో అడిగినవాళ్లకే తెలుస్తుంది.

"అక్కా, నా అసొంటోళ్లకు ఏ రంగు మంచిగుంటది?"

మల్లిక మైకు పక్కన పెట్టి స్టేజి అంచుకు వచ్చింది.

"నీ పేరేంది బిడ్డా?"

"మల్లీశ్వరి."

"మల్లీశ్వరీ, మా ఇంట్ల గొర్లకు రంగు పెడ్తరు. ఎందుకో తెల్సా? మందల కల్వకుండ, తప్పిపోకుండ, మనోళ్లు మనల గుర్తుపట్టెటట్టు. నేను చదువుకున్న చదువంత గంతే. ఒంటి రంగును దాసిపెట్టెతందుకు బట్ట కట్టుకున్నన్ని దినాలు మనం మందల తప్పిపోయినట్టే. 'నేనిక్కడున్న' అని చెప్పుకునేతందుకు కట్టుకో. గట్ల కట్టుకున్న ఆడపిల్లకు నప్పని రంగు గీ భూమ్మీద ఇంక పుట్టలేదు."

చప్పట్లు మొదలయ్యేలోపే, చిట్టచివరి వరుసలోంచి సుక్కమ్మ లేచి నిలబడి, నుదుటికి చెయ్యి అడ్డంపెట్టి, గుట్ట మీది నుంచి పిలిచినట్టు కేకేసింది.

"కనపడ్తున్నవే బిడ్డా! మంచిగ కనపడ్తున్నవ్!"